దవడ కిందికి దిగిన చీము

పంటి నొప్పికి మా డిపోలో దొరకని వైద్యం లేదు. లవంగం నమలమనేవాళ్లు, దూదిని లవంగ నూనెలో ముంచి పెట్టుకోమనేవాళ్లు, పొగాకు కాడ నొక్కిపెడితే పంటిలో పురుగు చస్తుందని ఒట్టు వేసి చెప్పేవాళ్లు. పంటిలో పురుగూ లేదు, పుట్రా లేదు అంటే మనల్నే జాలిగా చూస్తారు. నేను కడపలో ఆర్టీసీ కండక్టరుని. వేంపల్లె మీదుగా పులివెందుల వెళ్లే పల్లెవెలుగు బస్సులో ఎక్కువగా డ్యూటీ. పంటి నొప్పి ఎలా ఉంటుందో చెప్పడానికి ఇది రాయడం లేదు, అది తెలియనివాళ్లు ఉండరు. నా విషయంలో నొప్పి తగ్గిన ప్రతిసారీ లోపల రోగం ఇంకాస్త ముందుకు జరిగింది. ఆ సంగతి విడమరిచి చెప్పిన డాక్టరమ్మ మాటలు మరిచిపోకముందే కాగితం మీద పెడుతున్నాను.

కుడివైపు కింది దవడలో, జ్ఞానదంతానికి ముందున్న పెద్ద పన్ను. మొదట్లో చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమని లాగి వదిలేసేది. కొన్నాళ్లకు వేడి కాఫీకి కూడా మొదలైంది. మొదలైతే ఒక పట్టాన వదిలేది కాదు. పడుకుంటే మరీ ఎక్కువ. దిండు మీద దిండు వేసుకుని, సగం కూర్చునే నిద్రపోయేదాన్ని. అప్పుడు ఒక దంత వైద్యుడికి చూపించాను. ఎక్స్‌రే తీసి, పిప్పి నరం దాకా చేరిందని, రూట్ కెనాల్ చేసి పైన తొడుగు వేస్తే పన్ను నిలుస్తుందని చెప్పారు. మా అబ్బాయి కాలేజీ ఫీజు కట్టాల్సిన నెల అది. వచ్చే నెల వస్తానని చెప్పి, ఇచ్చిన మాత్రలు వాడాను. వచ్చే నెలకు నొప్పి పూర్తిగా పోయింది. చల్లటిది తాగినా, వేడిది తాగినా ఏమీ లేదు. ఖర్చు తప్పిందని ఇంటిల్లిపాదికీ సంతోషం.

జరిగింది ఏమిటంటే, నరం చచ్చిపోయింది. బతికి ఉన్నంత వరకే అది గోల పెడుతుంది. చచ్చాక ఆ పంటికి చలువ తెలియదు, వేడి తెలియదు. కుళ్లిన నరంలో సూక్ష్మక్రిములు తీరిగ్గా పెరిగి, వేరు చివర ఉండే సన్నటి రంధ్రం గుండా దవడ ఎముకలోకి దిగుతాయి. అక్కడ చీము పడుతుంది. చచ్చిన పంటి లోపల రక్తం పారదు కాబట్టి మనం మింగే మందు అక్కడికి చేరదు. పంటిని తొలిచి ఆ కుళ్లును శుభ్రం చేయాలి, లేదా పన్నే తీసేయాలి. మూడో దారి లేదు.

ఆ తరువాత కొన్ని నెలలు ఆ పంటి పక్కన చిగురు మీద ఆవగింజంత పొక్కు లేస్తూ ఉండేది. నాలుకతో నొక్కితే పగిలి ఉప్పగా, కంపుగా ఏదో వచ్చేది. నీళ్లు పుక్కిలించి డ్యూటీకి వెళ్లిపోయేదాన్ని. లోపలి చీము బయటికి పోవడానికి చేసుకున్న దారి అది. ఆ దారి తెరిచి ఉన్నన్నాళ్లు లోపల ఒత్తిడి పెరగలేదు, అందుకే నొప్పీ రాలేదు. ఎప్పుడు మూసుకుపోయిందో నాకు తెలియదు.

వేసవి మొదట్లో ఒక శనివారం రాత్రి అన్నం తింటుంటే, పళ్లు కలిసినప్పుడు ఆ పన్నే ముందు తగిలింది. మిగతావాటి కంటే కాస్త పైకి లేచినట్టు ఉంది. వేరు కింద చీము నిండితే పంటిని పైకి నెడుతుందట. వేలితో తట్టి చూస్తే కళ్లు బైర్లు కమ్మాయి. ఆదివారం పొద్దున అద్దంలో చూసుకుంటే కుడి చెంప ఉబ్బి ఉంది. మా అత్తగారు ఒక్క చూపు చూసి, "గవదబిళ్లలమ్మా ఇవి" అని తేల్చేశారు. బీరువా తీసి తన బంగారు గొలుసు తెచ్చి నా మెడలో వేశారు. బంగారం ఒంటికి తగిలితే గవదలు దిగుతాయని పెద్దల నమ్మకం. నా పెళ్లిలో కూడా బయటికి రాని గొలుసు అది.

ఆదివారం కావడంతో దంత వైద్యుల క్లినిక్కులన్నీ మూసి ఉన్నాయి. మా ఆయన మందుల దుకాణానికి వెళ్లి పంటి వాపు అనగానే చిన్న కాగితపు కవరులో కత్తిరించిన మాత్రలు వేసి ఇచ్చారు. ఒక్కదాని మీద కూడా పూర్తి పేరు లేదు. సాయంత్రం వీధి చివర ఉండే ఆర్‌ఎంపీ ఒక సూది వేశాడు. ఏం సూది అని అడిగితే "వాపు తగ్గే సూది" అన్నాడు. తరువాత ఆసుపత్రిలో ఏ మందులు వాడారు, ఎంత మోతాదు, చివరిసారి ఎప్పుడు అని అడిగినప్పుడు మా ఆయన ఆ రేకు ముక్కలన్నీ బల్ల మీద పరిచి నిలబడ్డారు. డాక్టరమ్మ ఒక్కోటీ వెలుతురుకు పట్టి తిప్పి చూసి, పనికిరావని పక్కన పెట్టేశారు. ఇప్పుడు మేం మాత్రలు కొంటే పేరు కనిపించేలా ఇమ్మంటాం, లేదంటే బిల్లు మీద రాయించుకుంటాం. దుకాణం అబ్బాయి విసుక్కుంటాడు. విసుక్కోనీ.

సోమవారానికి నొప్పి సగానికి సగం తగ్గింది. చెయ్యి పెట్టి చూస్తే జ్వరం లేదు. చెంప మీది వాపు కూడా దిగినట్టే కనిపించింది. ఇంకేముంది, మందు పని చేసిందన్నారు అందరూ. నిజానికి ఆ వాపు తగ్గలేదు, దవడ అంచు దాటి కిందికి జారింది. చెంప మీద ఉన్నప్పుడు మెత్తగా ఉండేది, నొక్కితే వేలి గుంట పడేది. దవడ ఎముక కింద, మెడ పైభాగంలో మొదలైనది అలా లేదు. గట్టిగా ఉంది, నొక్కితే లొంగలేదు. ఇక జ్వరం లేకపోవడం మాత్రల చలవ. నొప్పిని తగ్గించే మాత్రలే జ్వరాన్నీ అణిచిపెడతాయి. మాత్ర బలం తగ్గే వేళకు ఒళ్లు వణికేది, ఇంకో మాత్ర వేస్తే చెమటలు పట్టి చల్లబడేది. మేం చెయ్యి పెట్టి చూసింది ప్రతిసారీ ఆ చెమట పట్టిన తరువాతే.

మంగళవారం డ్యూటీకి వెళ్లాను. స్త్రీశక్తి పథకం వచ్చిన తరువాత పల్లెవెలుగులో ఆడవాళ్ల రద్దీ ఎలా ఉంటుందో ఎక్కినవాళ్లకు తెలుసు. ప్రయాణం ఉచితమే అయినా సున్నా టికెట్ కొట్టి చేతికి ఇవ్వాలి, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూడాలి, ఎక్కడికని ప్రతి ఒక్కరినీ అడగాలి. గొంతు లేని కండక్టరు ఉన్నా లేనట్టే. ఆ రోజు నేను "ఎక్కడికమ్మా" అంటే ఎవరికీ అర్థం కావడం లేదు. ఒక పెద్దావిడ నా మొహం చూసి, "ఏమంటోంది ఈమె?" అని పక్క సీటామెను అడిగింది. మా డ్రైవరు నాకంటే చిన్నవాడు. వేంపల్లెలో బస్సు ఆపి నా వైపు తిరిగి, "అక్కా, నీ గొంతు మారిపోయింది. వేడి సంగటి ముద్ద నోట్లో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు ఉంది" అన్నాడు. నవ్వబోయాను, నోరు తెరుచుకోలేదు.

అతడు అన్నాక ఒక్కొక్కటే గమనానికి వచ్చాయి. ఉమ్ము మింగలేక పొద్దుటి నుంచి చేతిరుమాలుతో తుడుచుకుంటూనే ఉన్నాను, రుమాలు పిండితే నీళ్లు కారేలా ఉంది. మజ్జిగ ప్యాకెట్ కొనుక్కుని తాగబోతే గొంతులోకి దిగక మూతి పక్క నుంచి కారిపోయింది. నాలుక కింద భాగం లేచి నాలుకను పైకి నెడుతోంది. మెడ కుడివైపు తిప్పితే లాగుతోంది. ఇన్ని ఉన్నా నొప్పి మాత్రం ఆదివారం కంటే తక్కువే. అందుకే ట్రిప్పు పూర్తి చేసి వెళదామన్నాను. మా డ్రైవరు వినలేదు. బస్టాండులో కంట్రోలరుతో మాట్లాడి, నా టికెట్ మిషన్, డబ్బు లెక్క అప్పగించేలా చేసి, కడప వైపు వెళ్లే బస్సులో ముందు సీటులో కూర్చోబెట్టాడు.

కడప బస్టాండులో మా ఆయన కాచుకుని ఉన్నారు. ఏడురోడ్ల కూడలి దగ్గర ఒక దంత వైద్యుడి క్లినిక్కు తీసుకెళ్లారు. ఆయన కుర్చీని వెనక్కి వాల్చలేదు, నిటారుగానే కూర్చోబెట్టారు. "మీ మూడు వేళ్లు కలిపి, నిలువుగా పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పెట్టండి" అన్నారు. మామూలుగా ఎవరి నోట్లో వాళ్ల మూడు వేళ్లు అలా పడతాయి. నాకు ఒక్క వేలు కష్టంగా దూరింది. నాలుక బయట పెట్టమన్నారు, పెదవి దాటలేదు. గుక్కెడు నీళ్లు మింగగలరా అంటే తల అడ్డంగా ఊపాను. ఆయన అసలు పంటి జోలికే పోలేదు. "ఇది క్లినిక్కులో చేసే పని కాదమ్మా. ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్లాలి. రేపు పొద్దున కాదు, ఇప్పుడే" అని చీటీ రాశారు, అవతల ఎవరికో ఫోను చేసి చెప్పారు. దారిలో పడుకోవద్దు, కూర్చునే వెళ్లమన్నారు. పడుకుంటే వాచిన నాలుక వెనక్కి పోయి గాలికి అడ్డం పడుతుంది. ఏమీ తినవద్దు, తాగవద్దు అన్నారు. మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి. ఊపిరి అందనట్టు అనిపిస్తే వెంటనే 108కు ఫోను చేయమన్నారు. ఫీజు ఇవ్వబోతే తీసుకోలేదు.

పుట్లంపల్లె దగ్గర రిమ్స్ పెద్దాసుపత్రి ప్రాంగణంలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉందని కడపవాళ్లకు చెప్పనక్కరలేదు. ఆ చీటీలో మాత్రం ముందు క్యాజువాలిటీకి అని రాసి ఉంది. పంటి రోగికి క్యాజువాలిటీలో ఏం పని అని ఆటోలో మా ఆయన అడుగుతూనే ఉన్నారు. నాకు జవాబు తెలియదు, తెలిసినా చెప్పే గొంతు లేదు. అక్కడికి వెళ్లాక ఎవరూ పంటి గురించి అడగలేదు. వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూశారు. నాడి నిమిషానికి 120 దగ్గర కొట్టుకుంటోంది. జ్వరం 102. వేలి కొసన సూది గుచ్చి చుక్క రక్తం తీసి, "షుగరు ఎప్పటి నుంచి అమ్మా?" అని అడిగారు. షుగరు లేదని మా ఆయన గట్టిగా చెప్పారు. మిషన్ మీద 318 కనిపిస్తోంది. జబ్బు చేసినప్పుడు షుగరు పెరగడం మామూలే కదా అని నేనూ అనుకున్నాను. తరువాత గత మూడు నెలల సగటు తెలిపే పరీక్ష (హెచ్‌బీఏ1సీ) చేస్తే అది కూడా 10 శాతం దాటింది. అంటే షుగరు చాలా కాలంగా ఉంది, నాకే తెలియదు. షుగరు ఎక్కువగా ఉంటే క్రిములతో పోరాడే తెల్లకణాలు మందగిస్తాయి, క్రిములు పెరిగితే షుగరు ఇంకా పెరుగుతుంది. పంటి చీము కొందరికి ఎందుకు అక్కడే ఆగుతుందో, కొందరికి ఎందుకు పరుగెత్తుతుందో ఆ డాక్టరమ్మ చెబితే తెలిసింది.

ఆమె దంత శస్త్రచికిత్స విభాగం నుంచి వచ్చారు. చిన్న వయసే. గ్లౌజు వేసుకున్న ఒక వేలిని నా నాలుక కిందికి పోనిచ్చి, రెండో చెయ్యి బయట నుంచి దవడ కింద ఆనించి, రెండింటి మధ్య ఎంత గట్టిపడిందో తడిమి చూశారు. తరువాత ఎడమవైపు. ఎడమవైపు మెత్తగానే ఉందని పక్కనున్న డాక్టరుతో అన్నారు, అప్పుడు ఆమె మొహం కాస్త తేలిక పడింది. మా ఆయన మళ్లీ అదే ప్రశ్న వేశారు, పన్ను తీసేస్తే పోయేదానికి ఇంత హడావుడి ఎందుకని. ఆమె విసుక్కోకుండా తన దవడ మీదే వేలు పెట్టి చూపించారు. కింది దవడ ఎముకకు లోపలి వైపు ఒక కండరం అంటుకుని ఉంటుంది, నోటికి అడుగు అదే. ముందు వైపు పళ్ల వేర్లు ఆ కండరానికి పైనే ముగుస్తాయి. వెనక పెద్ద పళ్ల వేర్ల కొసలు దాని కిందికి దిగి ఉంటాయి. అందుకే వెనక పంటి చీము ఎముకను లోపలి వైపు తొలిచిందంటే నోట్లోకి రాదు, సూటిగా దవడ కింది మెడ భాగంలోకి దిగుతుంది. ఆ కండరం వెనక అంచు దగ్గర కింది గదికీ పై గదికీ దారి ఉంది. నాకు ఆ దారిలో నాలుక కిందికి పాకడం మొదలైంది. రెండు వైపులా, గడ్డం కింద, నాలుక కింద అన్నీ కలిసి గట్టిపడితే దాన్ని లుడ్విగ్ ఆంజైనా అంటారు. విల్‌హెల్మ్ ఫ్రెడరిక్ ఫాన్ లుడ్విగ్ అనే జర్మనీ వైద్యుడు 1836లో దాన్ని వర్ణించాడు. యాంటీబయాటిక్స్ లేని ఆ రోజుల్లో అది వచ్చినవాళ్లలో చాలామంది బతికేవాళ్లు కాదు, ఊపిరాడక పోయేవారు. "ఆ దారిలోనే ఉన్నారు. ఇంకా చేరలేదు" అన్నారు ఆమె. ఇంకా కిందికి జారితే గొంతు పక్కల గుండా ఛాతీలోకి కూడా దిగగలదట. ఆ మాట మా ఆయనకు విడిగా, వరండాలో చెప్పారు. నాకు ఆయన ఇంటికి వచ్చాక చెప్పారు.

రంగు మందు ఎక్కించి మెడకు సీటీ స్కాన్ తీశారు. స్కాన్ బల్ల మీద వెల్లకిలా పడుకోవాలి, నాకు పడుకుంటే గాలి ఆడదు. ఆ కొద్ది నిమిషాలూ ఒక డాక్టరు తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. చీము ఎక్కడ ఎంత ఉందో, గాలి గొట్టం పక్కకు జరిగిందో లేదో అందులో తెలుస్తుంది. కొంచెం జరిగింది.

ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టే దగ్గర మా ఆయన ఆగిపోయారు. మత్తు డాక్టరు దాచకుండా చెప్పారు. నోరు తెరుచుకోదు కాబట్టి, మత్తులో ఊపిరి అందడానికి అందరికీ వేసినట్టు నోట్లోంచి గొట్టం వేయలేం. మెలకువగా ఉండగానే ముక్కులోంచి, కెమెరా ఉన్న సన్నటి తీగ దారి చూపిస్తుంటే గొట్టం పంపుతాం. అది కుదరకపోతే మెడ ముందు భాగంలో రంధ్రం చేసి గాలి ఇవ్వాలి. దానికి కూడా అన్నీ సిద్ధంగా పెట్టుకుంటాం. మా ఆయన ఆ కాగితాన్ని కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చదివారు. "పంటి దగ్గర మత్తు సూది వేసి చీము తీసేయకూడదా?" అని అడిగారు. చీము పట్టిన చోట ఆమ్లం పెరిగి మత్తు మందు సరిగా పట్టదని, పైగా నొప్పికి పేషెంటు ఏడ్చి గింజుకుంటే ఉన్న గాలి దారి కూడా మూసుకుపోవచ్చని డాక్టరు చెప్పారు. సంతకం పెట్టారు. నా మెడలోంచి అత్తగారి గొలుసు తీసి ఆయన చేతికి ఇచ్చాను.

ముక్కులోంచి గొట్టం వేసే అనుభవం గురించి ఎక్కువ రాయను. గొంతులో చేదు మందు కొట్టి తిమ్మిరెక్కిస్తారు. చెప్పినట్టల్లా ఊపిరి పీలుస్తూ ఉండాలి. పక్కన ఒక నర్సు నా చెయ్యి పట్టుకుని, "అంతే అమ్మా, అయిపోయింది, ఇంకొంచెం" అంటూనే ఉంది. గొట్టం లోపలికి వెళ్లిందని చెప్పిన తరువాత నాకేమీ గుర్తు లేదు.

దవడ అంచుకు సుమారు రెండు సెంటీమీటర్ల కింద కోశారు. అంచు మీదే కోస్తే కింది పెదవిని కదిలించే నరం దెబ్బతిని మూతి వంకరపోతుంది, అందుకే అంత కిందికి. అదే సమయంలో ఆ పన్ను కూడా తీసేశారు. మూలం అక్కడే ఉంచి చీము ఒక్కటే తీస్తే మళ్లీ నిండుతుంది. కోసిన చోట ఒక మెత్తటి రబ్బరు పట్టీ పెట్టి కుట్టు వేశారు, గాయం పైన ముందే మూసుకుపోకుండా లోపల మిగిలినది కారిపోవడానికి. ఆ కంపు మాత్రం జన్మలో మరిచిపోను. గాలి తగలని చోట పెరిగే క్రిముల వాసన అట అది. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు పక్క మంచాల వాళ్లు లేచి వరండాలోకి వెళ్లేవారు, నాకు సిగ్గేసేది. తీసిన చీమును పరీక్షకు పంపారు. ఏ మందుకు ఆ క్రిములు లొంగుతాయో తేలడానికి రెండు మూడు రోజులు పడుతుంది, అప్పటి దాకా రక్తనాళంలోకి రెండు రకాల యాంటీబయాటిక్స్, షుగరుకు ఇన్సులిన్. చీము గడ్డ మధ్యకు రక్తం వెళ్లదు, రక్తం వెళ్లని చోటికి మందూ అంతంతమాత్రంగానే చేరుతుంది. అందుకే ముందు చీముకు దారి ఇవ్వాలి, మందులు ఆ తరువాత మిగిలిన పని చేస్తాయి. మందుల దుకాణంలో కవరు ఇచ్చే అబ్బాయికి ఇది ఎవరైనా చెబితే బాగుండు.

ఆ వార్డులో పంటి బాధితులే ఎక్కువ. నా ఎదురు మంచం మీద ఒక డిగ్రీ కుర్రవాడు ఉండేవాడు. పై కోరపన్ను పిప్పి. వాపు ముక్కు పక్క నుంచి కంటి దాకా ఎక్కి, రెప్పలు అతుక్కుపోయి కన్ను కనిపించేది కాదు. వాడి దగ్గరికి కంటి డాక్టరు కూడా వచ్చి వెళ్లేవారు. పై పళ్ల చీము ముఖంలోని సిరల గుండా పుర్రె లోపలికి చేరే ప్రమాదం ఉంటుందని అప్పుడు తెలిసింది. ఇంకో మంచం మీద జమ్మలమడుగు వైపు రైతు ఒకాయన. ఇంట్లో వాళ్లు ఉప్పు మూట వేడి చేసి చెంపకు కాపడం పెట్టారు. బయట నుంచి వేడి పెడితే చీము చర్మం వైపు లాగుతుంది. ఆయనకు దవడ మీద చర్మం పగిలి బయటికే కారింది. ఇప్పుడు చిన్న గుంటగా మచ్చ మిగిలింది. డాక్టర్లు మాకు చెప్పిన పుక్కిలింత వేరు, గోరువెచ్చటి ఉప్పు నీళ్లు నోటి లోపల. బయట కాపడం వద్దే వద్దన్నారు.

ఇంటికి పంపే ముందు మా ఆయన డాక్టరమ్మను పట్టుకుని, మళ్లీ ఎప్పుడైనా ఇంట్లో ఎవరికైనా పంటి వాపు వస్తే రాత్రికి రాత్రి పరుగెత్తాల్సింది ఎప్పుడు, పొద్దున దాకా ఆగగలిగేది ఎప్పుడు అని అడిగారు. ఆయనకు అలాంటివి స్పష్టంగా కావాలి. ఆమె చెప్పినవి ఆయన తన సంచిలోని క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్నారు. నోరు రెండు వేళ్లంత కూడా తెరుచుకోకపోవడం, మింగలేకపోవడం, ఉమ్ము కారిపోవడం, గొంతు మారడం, నాలుక లేదా నాలుక కింద భాగం ఎత్తుగా లేవడం, వాపు మెడలోకి దిగడం లేదా కంటి దాకా ఎక్కడం, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, చలి జ్వరంతో నాడి వేగంగా కొట్టుకోవడం, మనిషి మగతగా, తికమకగా మాట్లాడటం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గడియారం చూడవద్దు అన్నారు. ఇవేవీ లేకుండా ఉత్త నొప్పీ, పంటి పక్కన చిన్న వాపూ ఉంటే మరునాడు పంటి డాక్టరు దగ్గరికి వెళ్లవచ్చు. వెళ్లడం మాత్రం మానకూడదు, వాపు దానంతట అదే దిగిపోయినా సరే. షుగరు ఉన్నవాళ్లు, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు ఆ ఒక్క రోజు ఆగడానికి కూడా ఆలోచించాలి. ఆ కాగితం ఇప్పుడు మా వంటింట్లో గ్యాస్ పుస్తకం పక్కన మేకుకు వేలాడుతోంది. నొప్పి ఎంత ఉంటే వెళ్లాలి అన్న మాట అందులో ఎక్కడా లేదు.

వాపు దిగినా నోరు చాలా రోజులు తెరుచుకోలేదు. నమిలే కండరాలు బిగుసుకుపోతాయట. వాటిని సాగదీయడానికి డాక్టరమ్మ చెప్పిన సాధనం ఐస్‌క్రీము పుల్లలు. చదునైన పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పళ్ల మధ్య పట్టినన్ని పెట్టి, కాసేపు అలాగే ఉండాలి. కొద్దిగా వదులైందనిపించగానే మధ్యలోకి ఇంకో పుల్ల దూర్చాలి. దూర్చేటప్పుడు చెవి దాకా లాగుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మా అబ్బాయి పుల్లల కట్ట కొనుక్కొచ్చి, వేడి నీళ్లలో కడిగి ఆరబెట్టి ఇచ్చేవాడు. పక్కన కూర్చుని ఫోనులో సమయం చూసేవాడు. వాడు కఠినుడు, అర నిమిషం కూడా తగ్గించేవాడు కాదు. రాగి జావ, మజ్జిగ, పప్పు కట్టుతో నెట్టుకొస్తూ పుల్లలు పెంచుకుంటూ పోయాను. మూడు వేళ్లు పట్టే దాకా డ్యూటీకి రావద్దన్నాడు మా డ్రైవరు. అది డిపో నిబంధన అన్నంత గట్టిగా చెప్పాడు. మా అత్తగారు మాత్రం వాపు తగ్గింది గొలుసు వల్లనే అంటారు. ఆపరేషన్ థియేటరు గడప దాకా అది నా మెడలో ఉంది కదా మరి, కాదని ఎలా అనను.

షుగరు మాత్రలు నడుస్తున్నాయి. ఇన్సులిన్ ఆపేశారు. దవడ కింద మచ్చ ఉంది, మెడ ఎత్తి చూపిస్తే తప్ప కనిపించదు. ఎడమవైపు పై దవడలో ఇంకో పిప్పి పన్ను ఉందని ఆసుపత్రిలోనే చెప్పారు. పిప్పి లోతుగా ఉంది కానీ చల్లటి నీళ్లకు ఇంకా జివ్వుమంటోంది, అంటే నరం బతికే ఉంది. ఏడురోడ్ల దగ్గరి ఆ డాక్టరు దగ్గరే రూట్ కెనాల్ మొదలుపెట్టించాను. మొదటి రోజు "నొప్పిగా ఉందా?" అని అడిగితే "ఉందండీ, బాగా ఉంది" అని నవ్వుతూ చెప్పాను. ఇంత సంతోషంగా చెప్పిన పేషెంటును చూడలేదన్నారు ఆయన. తొడుగు వచ్చే వారం వేస్తారు. తెల్లది ఖరీదు ఎక్కువ, లోహపుదే చాలన్నాను. వెనక పన్ను, ఎవరు చూస్తారు.